పీర్ల పండుగ: కథ ఎంత? చరిత్ర ఎంత?

కొన్ని సంవత్సరాల క్రిందట, ముహర్రం సెలవుకు ముందురోజున మా తరగతి నల్లబల్లపై ఒక విద్యార్థి "ముహర్రం పండుగ శుభాకాంక్షలు" అని అందమైన అక్షరాలతో వ్రాసినాడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఉగాదికీ, రంజానుకూ వ్రాసినట్లే దీనికీ వ్రాసినాడు. కాని ముందు వరుసలో నల్లని దుస్తులు ధరించి కూర్చున్న మరొక విద్యార్థి ఆ అక్షరాలను చూచి తల వంచుకొన్నాడు. అతని ఇంటిలో అవి సంతాపదినాలు. ఒకే బల్లపై కూర్చొని చదువుకొనే మిత్రుల నడుమ ఇంతటి అజ్ఞానం ఎట్లు నిలిచియున్నదా అన్న ఆలోచనే ఈ వ్యాసానికి మూలం.

ముందుగా చరిత్రను చూతము. క్రీ.శ. 680లో ముఆవియా మరణానంతరం ఆయన కుమారుడు యజీద్ ఖలీఫా అయినాడు. ప్రవక్త మహమ్మద్ మనుమడైన ఇమాం హుసేన్ అతనికి విధేయత ప్రకటించుటకు నిరాకరించినారు. కూఫా నగరవాసుల ఆహ్వానంపై కుటుంబంతోను, కొద్దిమంది అనుచరులతోను బయలుదేరిన ఆయనను యూఫ్రటీస్ నదీ సమీపాన కర్బలా మైదానంలో యజీద్ సైన్యం అడ్డగించినది. నదికి పోవు దారిని మూసివేసినది. హిజ్రీ 61, ముహర్రం 10న, అనగా 680 అక్టోబరు 10న, హుసేన్ తన అనుచరులతో సహా వీరమరణం పొందినారు. ఆయన పక్షాన పోరాడినవారు 72 మంది అని సంప్రదాయం. ఈ ఘట్టాన్ని అబూ మిఖ్నఫ్ అనే చరిత్రకారుడు ఎనిమిదవ శతాబ్దిలోనే సేకరించగా, ఆ కథనాన్ని తబరీ తన బృహత్ చరిత్రగ్రంథంలో భద్రపరచినాడు.

ఇక ప్రచారంలో ఉన్న కథల సంగతి. మన గ్రామాలలో "హసేను హుసేను" అని జంటగా పిలుచుట వలన, అన్నదమ్ములిద్దరూ ఒకే యుద్ధంలో మరణించినారని పలువురు నమ్ముతారు. వాస్తవానికి అన్నగారైన ఇమాం హసన్ అప్పటికి సుమారు పది సంవత్సరాల ముందే మదీనాలో మరణించినారు. కర్బలాలో నేలకొరిగినవాడు ఆయన కుమారుడు ఖాసిం. యుద్ధానికి ముందు ఈ ఖాసింకు వివాహం జరిగినదన్న కరుణరస గాథ పీర్ల పాటలలో మిక్కిలి ప్రసిద్ధం. అయితే తొలినాటి చరిత్రలలో ఆ వివాహ ప్రసక్తి లేదు. 16వ శతాబ్ది ఆరంభంలో కాషిఫీ పారశీకంలో రచించిన 'రౌజతుష్షుహదా' వంటి గ్రంథాల ద్వారా అది దేశదేశాలకు వ్యాపించినది.

ఇది ముస్లిములకూ, అన్యమతస్థులకూ జరిగిన యుద్ధమని మరొక అపోహ. ఇది అన్నింటికంటె ప్రమాదకరమైనది. ఇరువైపుల నిలిచినవారూ ముస్లిములే. అది మతాల పోరు కాదు. అధికారానికీ అంతరాత్మకూ నడుమ జరిగిన పోరు.

తాజియాల ఆచారాన్ని తైమూరు ఢిల్లీలో ప్రారంభించినాడని ఇంకొక కథ కలదు. తేదీలను సరిచూచిన చాలును, ఈ కథ నిలువదు. తైమూరు 1398 సెప్టెంబరులో సింధునది దాటి, డిసెంబరులో ఢిల్లీని పట్టుకొని, 1399 మార్చిలో వెనుదిరిగినాడు. ఆ ఏటి ముహర్రం పదవరోజు సెప్టెంబరులోనే గడచిపోయినది. మరల ముహర్రం వచ్చునాటికి అతడు ఈ దేశంలోనే లేడు.

ప్రవక్త మక్కా నుండి మదీనాకు వలస వెళ్లినది ముహర్రంలోనే అని కొందరనుకొంటారు. ఆ వలస 622లో రబీవుల్ అవ్వల్ మాసంలో జరిగినది. తరువాత ఖలీఫా ఉమర్ కాలంలో హిజ్రీ శకాన్ని నిర్ణయించినప్పుడు, అరబ్బుల సంవత్సరంలో మొదటి మాసమైన ముహర్రంనే ఆరంభంగా ఉంచినారు. అట్లే ఆషూరా దినానికి పవిత్రత కర్బలా వల్లనే వచ్చినదనుట కూడ సరికాదు. అంతకు పూర్వమే ప్రవక్త ఆ రోజున ఉపవాసం ఉండినట్లు హదీసులు చెప్పుచున్నవి. నేటికీ అనేకమంది సున్నీలు ఆ ఉపవాసాన్ని పాటిస్తున్నారు. ఒకే దినాన్ని ఒకరు ఉపవాసంతోను, ఒకరు కన్నీటితోను గడుపుతారన్నమాట.

హైదరాబాదులో ఈ సంప్రదాయం నగరంతోపాటే పుట్టినది. 1591లో నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా, కొద్ది సంవత్సరాలలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను కట్టించినాడు. దక్కనీ ఉర్దూలో మర్సియాలు వ్రాసిన తొలి కవులలో ఆయన ఒకడు. షియాలైన కుతుబ్‌షాహీలు నెలకొల్పిన ఆచారాలను సున్నీలైన ఆసఫ్‌జాహీ ప్రభువులు కూడ ఆదరించినారు.

అక్కడి నుండి అలములు తెలుగు పల్లెలకు చేరి 'పీర్లు' అయినవి. పారశీకంలో 'పీర్' అనగా వృద్ధుడు, గురువు. అలము అనగా యుద్ధ ధ్వజం. దానిపై హస్తంలోని ఐదు వ్రేళ్లు ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్‌లకు సంకేతం. పీర్లచావడి ముందు అలావా గుండం చుట్టూ ఆడేవారిలోను, పీరును ఎత్తుకొనేవారిలోను అన్ని కులాలవారూ ఉంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పేర జరిగే ఉత్సవమే ఇందుకు సాక్ష్యం. ఆనాడు పంచే పానకం కేవలం తీపి కోసం కాదు. కర్బలాలో నీరు దొరకక అలమటించిన పిల్లల దాహానికి అది జ్ఞాపకం.

మరి, చరిత్రకు నిలువని కథలన్నింటినీ పారవేయవలెనా? అక్కరలేదు. ఖాసిం పెండ్లి పాట పాడే వృద్ధురాలిని ఆపి తేదీలు చెప్పుట పాండిత్యం అనిపించుకొనదు. ఆ పాట ఆమె దుఃఖానికి రూపం. దానిని పాటగా గౌరవింతము. కాని ఇరుగుపొరుగువారి మధ్య ద్వేషాన్ని నింపే కథను మాత్రం చరిత్ర ముందు నిలబెట్టి ప్రశ్నించవలసినదే. ఏ కథను ఆదరించవలెనో, ఏ కథను ఖండించవలెనో తెలియుటకే మనకు చదువు.

ఆనాడు నల్లబల్లపై వ్రాసిన విద్యార్థికి విషయం తెలిసిన పిమ్మట, అతడే లేచి ఆ అక్షరాలను తుడిచివేసినాడు. మరుసటి ఏడు ఆ బల్లపై శుభాకాంక్షలు లేవు. సెలవు ముగిసిన తరువాత ఆ మిత్రులిద్దరూ ఒకే గ్లాసు పానకం పంచుకొన్న సంగతి మాత్రం నేను కన్నులారా చూచినాను.