సరాసరి: ఎవరిని ఎన్నిసార్లు లెక్కించాం?

'సరాసరి' అన్న మాట సరిహద్దు దాటినా మారదు. కన్నడంలో, తమిళంలో, మరాఠీలో దాదాపు ఇదే మాట. లెక్క కూడా అందరికీ తెలిసిందే. మొత్తాన్ని తలల సంఖ్యతో భాగించాలి. కానీ ఆ లెక్కను కంప్యూటరుకు అప్పగిస్తే ఎక్కడ తప్పు దొర్లుతుందో ఈ రోజు తెలుసుకుందాం.

సమాచారాన్ని ఒకదానితో ఒకటి ముడిపడిన పట్టికలుగా అమర్చే పద్ధతిని ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించారు. ఉదాహరణకు, బడుల పేర్లు ఒక పట్టికలో, విద్యార్థుల మార్కులు మరొక పట్టికలో ఉంటాయి. ప్రతి విద్యార్థి పేరు పక్కన అతని బడి సంఖ్య ఉంటుంది. రెండు పట్టికలకూ అదే ముడి. వెబ్‌సైట్లు తయారుచేసేవారు ఈ పట్టికలను జాంగో వంటి సాధనాల ద్వారా ప్రశ్నిస్తారు. పైథాన్ భాషలో రాసిన జాంగో 2005లో విడుదలయింది. అందులో 'యానొటేట్' అన్న ఆజ్ఞతో బడికొక సరాసరి వస్తుంది. 'అగ్రిగేట్' అంటే అందరికీ కలిపి ఒకే సరాసరి వస్తుంది.

రెండు తెలుగు బడులున్నాయనుకోండి. ఒకదానిలో 10 మంది, సరాసరి 70 మార్కులు. రెండోదానిలో 90 మంది, సరాసరి 40. ఈ రెండు సరాసరులకు మళ్లీ సరాసరి కడితే 55 వస్తుంది. కాని నిజమైన మొత్తం 4,300. దాన్ని 100 మందికి పంచితే 43 మాత్రమే. 50కి తగ్గినచోట అదనపు తరగతులు పెట్టాలని నిర్ణయిస్తే, 55 అన్న అంకె ఆ 90 మంది పిల్లల అవసరాన్ని కప్పేస్తుంది. కాబట్టి బడుల సరాసరులను కాక, విద్యార్థుల మార్కులనే నేరుగా అడగాలి.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఇద్దరు విద్యార్థులు. ఒకరికి 80, మరొకరికి 40. సరాసరి 60. ఇప్పుడు గ్రంథాలయ పట్టికను కూడా కలిపామనుకోండి. మొదటివారు మూడు పుస్తకాలు తీసుకున్నారు, రెండోవారు ఒకటి. పట్టికలు కలిసినప్పుడు పుస్తకానికొక వరుస చొప్పున 80 మూడుసార్లు, 40 ఒకసారి వస్తాయి. సరాసరి 70 అవుతుంది! కంప్యూటరు తప్పని చెప్పదు, అంకె మాత్రం తప్పు. పోనీ, ఒకే అంకె రెండోసారి వస్తే వదిలేయమందామా? అప్పుడు నిజంగానే 60 మార్కులు తెచ్చుకున్న ఇద్దరు పిల్లలు ఒక్కరైపోతారు. మార్కులను, పుస్తకాలను విడివిడిగా లెక్కించి, ఆ తర్వాత జతచేయడమే సరైన దారి. ఇందుకు జాంగోలో ఉపప్రశ్నల సౌకర్యం ఉంది.

మూడోది ఖాళీ గడి. పరీక్షకు రాని విద్యార్థి గడిని ఖాళీగా ఉంచితే, డేటాబేస్ అతన్ని సరాసరిలో చేర్చదు. అక్కడ సున్నా వేస్తే చేరుస్తుంది, సరాసరి పడిపోతుంది. పరీక్ష రాయకపోవడం వేరు, రాసి సున్నా తెచ్చుకోవడం వేరు. ఆ తేడాను పట్టిక నింపేవారే పాటించాలి.

అందుచేత, ఏ సరాసరినైనా నమ్మేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో ఎవరెవరు చేరారు? ఒక్కొక్కరు ఎన్నిసార్లు చేరారు? నలుగురైదుగురు పిల్లల లెక్కను ముందు కాగితం మీద కట్టి, కంప్యూటరు ఇచ్చిన జవాబుతో సరిచూసుకోండి. రెండూ కలిసిన తర్వాతే వేలమంది లెక్కను దానికి అప్పగించండి.