భేదిమందుతో తీరని మలబద్ధకము

మన నేత కుటుంబములలో అజీర్ణము, కడుపు ఉబ్బరము, మలబద్ధకము అనునవి రోగముల లెక్కలోనికి రావు. సెలవు దినమున ఒక మోతాదు ఆముదమో, సునాముఖి కషాయమో పుచ్చుకొని మరునాడు పనిలోనికి దిగుట పెద్దల నాటి వాడుక. పెద్దలను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని 20, 25 ఏండ్ల ప్రాయమువారికి నెలల తరబడి ఆ బాధ తగ్గకున్నచో మందు మార్చుట చాలదు, కారణము వెదకవలెను.

షోలాపూరులో మాకు తెలిసిన యొక ఇంటి సంగతి చెప్పెదము. పేర్లతో పని లేదు. తండ్రికి తువాళ్ళు నేయు రెండు మరమగ్గములు కలవు. 22 ఏండ్ల కుమార్తె ఇంటిలో కండెలు చుట్టును, తువాళ్ళ అంచులు కుట్టును. 2022లో ఆ పిల్లకు నాలుగైదు దినముల కొకసారి గాని విరేచనము కాకుండెను. అదియు మేకపెంటికలవలె గట్టిగా నుండును. తల్లి మొదట ఆముదమిచ్చెను, తరువాత బజారు చూర్ణమిచ్చెను. ఒక చెంచా రెండు చెంచాలైనది. మొగము పాలిపోయినదని మందుల దుకాణమువాడు ఇనుము మాత్రలిచ్చెను. వానితో బాధ మరింత బిగిసినది. ఇనుము మాత్రలు, కొడీన్ కలిసిన దగ్గుమందులు, అల్యూమినియము కలిసిన పులిత్రేన్పు మందులు మలబద్ధకమును కలిగించును. డాక్టరు వద్దకు పోవునప్పుడు వాడుచున్న మందులన్నియు సంచిలో వేసికొని పోవలెననుట ఇందుకే.

దవాఖానకు ఏల తీసికొనిపోలేదని తల్లిని అడిగితిమి. "సంబంధాలు చూస్తున్నామన్నా. పిల్ల దవాఖాన చుట్టూ తిరుగుతుందని తెలిస్తే ఎవరొస్తారు?" అన్నది. ఈ మాట మన ఇండ్లలో ఎన్నిసార్లు వినలేదు!

తుదకు 2023లో మేనమామ పూనుకొని సర్కారు దవాఖానకు తీసికొనిపోయెను. అచ్చటి డాక్టరమ్మ వెంటనే మందు వ్రాయక ప్రశ్నలు వేసిరి. వారమునకు ఎన్నిసార్లు? ముక్కవలసి వచ్చుచున్నదా? పూర్తిగా కాలేదని తోచుచున్నదా? ప్రతిదినము కానంత మాత్రమున అది రోగము కాదు. వారమునకు మూడుసార్లకంటె తక్కువగుట, గట్టిపడుట, ముక్కుట నెలల తరబడి సాగినచో దానిని దీర్ఘకాలిక మలబద్ధకమందురు.

తిండి యేమని యడిగిరి. జొన్నరొట్టె, ఆకుకూర తగ్గిపోయి ఉదయము చాయ్ పావ్, మధ్యాహ్నము తెల్లన్నము అయినవి. నీళ్ళ మాట వచ్చుసరికి పిల్ల తల వంచుకొన్నది. ఆ వాడకు మరుగుదొడ్లు ఉమ్మడివి. ఉదయము మగవారు వరుసగా నిలుచుండగా పోలేక ఆపుకొనును. పలుమార్లు పోవలసివచ్చునని నీళ్ళే సరిగా త్రాగదు. అట్లు ఆపుకొనగా మలములోని నీటిని ప్రేవులు పీల్చివేయును, కొంతకాలమునకు పోవలెనను ప్రేరణయే మందగించును. మగ్గము చప్పుడు విని ఎక్కడ దారము తెగినదో చెప్పగల తండ్రికి ఈ సంగతి తెలియదు. తల్లికి తెలిసియుండును గాని, తానును అట్లే పెరిగినది కదా!

ప్రశ్నలు అంతటితో ఆగలేదు. జుట్టు రాలుచున్నదా? అందరికి ఉక్కగానున్నను నీకు చలివేయుచున్నదా? నెలసరి అధికముగా పోవుచున్నదా? అన్నిటికిని అవుననెను. చర్మము పొడిబారి యుండెను, నాడి నెమ్మదిగా నుండెను. రక్తము తీసి హిమోగ్లోబిన్, చక్కెర, కాల్షియముతోబాటు టి.ఎస్.హెచ్. అను థైరాయిడ్ పరీక్షయు చేయించిరి. అది చాల హెచ్చుగా వచ్చెను.

థైరాయిడ్ అనునది కంఠము ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారముతో నుండు గ్రంథి. అది తన రసమును తక్కువగా నిచ్చినచో ఒడలంతయు మందగించును, ప్రేవులును మందగించును. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి దానిని పని చేయుమని పంపు ఆజ్ఞయే టి.ఎస్.హెచ్. పని తగ్గినకొలది ఆజ్ఞ పెరుగును. నెలసరి అధికమై రక్తము తగ్గుటకు కూడ ఇది కారణము కావచ్చును.

థైరాక్సిన్ మాత్రను ఉదయము పరగడుపున నీళ్ళతో వేసికొని, అర్ధగంట మొదలు గంటవరకు చాయ్ గాని తిండి గాని పుచ్చుకొనరాదు. ఇనుము మాత్రకు దీనికి 4 గంటల యెడముండవలెను, లేనిచో ఇది ఒంటికి పట్టదు. రెండు మాత్రలను ఒక్క గుక్కలో మ్రింగువారు మన ఇండ్లలో తక్కువ కారు. 6 నుండి 8 వారములకు మరల రక్తపరీక్ష చేయింతురు. బాగైనదని తమంత మానరాదు. గర్భము నిలిచిన వెంటనే డాక్టరుకు తెలుపవలెను, మోతాదు సాధారణముగా హెచ్చింతురు.

ఇది చదివి మలబద్ధకమున్న ప్రతివారు థైరాయిడ్ అనుకొనరాదు. ఈ ప్రాయములో పెక్కుమందికి పరీక్షలలో ఏమియు కనబడదు. తిండి, నీళ్ళు, ఆపుకొను అలవాటు సరిదిద్దుకొని, ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసెడు నీళ్ళతో పుచ్చుకొనిన కుదుటపడుదురు. కొందరిలో ముక్కునప్పుడు సడలవలసిన కండరములు బిగుసుకొనును. వారికి ఎంత చూర్ణమిచ్చినను లాభములేదు, ఆ కండరములను సడలించు అభ్యాసము నేర్చుకొనవలెను.

ఆలస్యము చేయరానివి కొన్ని కలవు. మలములో రక్తము, కారణములేక బరువు తగ్గుట, సాయంకాలపు జ్వరము, నిద్రలేపు నొప్పి కనబడినచో వెంటనే చూపించుకొనవలెను. మన దేశములో ప్రేవుల క్షయ యౌవనములోనివారికి విశేషముగా వచ్చును. ఒకప్పుడు బంధము, ఒకప్పుడు విరేచనములు దాని గుర్తులలోనివి. కడుపు ఉబ్బి, వాంతులగుచు, గాలియైనను పోకున్నచో ప్రేవులలో అడ్డంకి యుండవచ్చును. అప్పుడు ఆముదము పోయక ఆ క్షణమే దవాఖానకు చేర్చవలెను.

ఆ పిల్లకు మూడు నెలలలో నెమ్మదించినది. తండ్రి కండెల పెట్టెలుంచు మూలను ఖాళీ చేసి ఇంటిలోనే మరుగుదొడ్డి కట్టించెను. 2024లో సంబంధము కుదిరినది. మాత్రల సంగతి మేనమామ ముందుగనే చెప్పివేసెను. పెండ్లికొడుకు తల్లి నవ్వి, తానును పదేండ్లుగా ఆ మాత్రయే వేసికొనుచున్నానని చెప్పినదట.