పేలని తుపాకీ... ఆగిన గుండె!

షూటింగ్ అనగానే మన పాఠకులకు కెమెరా, క్లాప్, డైరెక్టరుగారి కేకలు గుర్తుకొస్తాయి కదూ! ఈవారం చెప్పబోయేది ఆ షూటింగ్ కాదు లెండి. ఇక్కడ "కట్" అని రెండో టేక్ తీసుకునే వీల్లేదు.

2021 జూలై 25. టోక్యో ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీ. 60 షాట్లు, 75 నిమిషాలు. గురి చూడాల్సిన నడిమి వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లు. అంటే మన చొక్కా గుండీ అంత! పంతొమ్మిదేళ్ల మను భాకర్ రెండో సిరీస్‌లో ఉండగా పిస్టల్ మొరాయించింది. ఇంకో తుపాకీ తీసుకోవచ్చుగా అంటారా? దాని పిడీ ట్రిగ్గరూ చేతికి సరిచేసుకోవడానికి మళ్లీ టైము కావాలి. ఉన్నదాన్నే బాగుచేయించుకుని వచ్చేసరికి 44 షాట్లు మిగిలాయి. గడియారంలో నలభై నిమిషాలు కూడా లేవు. పోయిన టైము ఎవరూ తిరిగివ్వలేదు. అయినా ఆ పిల్ల 575 కొట్టింది. ఫైనల్ బెర్తు 577 దగ్గర ఆగిపోయింది. రెండంటే రెండే పాయింట్లు!

అన్నిసార్లూ తుపాకీదే తప్పు కానక్కర్లేదు. ఇప్పుడు టార్గెట్లూ ఎలక్ట్రానిక్‌వే. గుండు ఎక్కడ తగిలిందో యంత్రం పసిగట్టి, షూటర్ పక్కనున్న తెరమీద చూపిస్తుంది. చూపించకపోతే గాభరాపడి ఇంకోటి పేల్చకూడదు. వెంటనే రేంజ్ ఆఫీసర్‌కు చెప్పాలి. ఆయన చెబితేనే గురిచూసి మరో షాట్. అదీ కనపడకపోతే వేరే లేన్‌కి మారుస్తారు. తూటా తుపాకీ అయితే మరీ జాగ్రత్త. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి. గొట్టంలోకి తొంగిచూడ్డం సినిమా కమెడియన్లకే చెల్లు!

గోదావరిఖని వాళ్లకిది కొత్త సంగతేం కాదు. సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గుకి రంధ్రాలు వేసి, మందు దట్టించి పేల్చే మనిషి పేరే షాట్ ఫైరర్. ఎక్స్‌ప్లోడర్ తిప్పినా పేలకపోతే అక్కడా అదే మాట - మిస్‌ఫైర్! ముందు కేబుల్ ఊడదీస్తారు. పరుగెత్తుకెళ్లి చూడరు. నియమం చెప్పినంతసేపు ఆగి, అప్పుడు కనెక్షన్ చూస్తారు. రంధ్రంలోని మందును పొడిచి లాగడం నిషేధం. కొంచెం ఎడంగా మరో రంధ్రం వేసి పేలుస్తారు. ఆ తర్వాత రాలిన బొగ్గులో పేలని డిటొనేటర్ ఉందేమోనని వెతుకులాట. అక్కడ పోయేది పాయింట్లు కాదు మరి.

మను సంగతంటారా? 2024 జూలై 28న పారిస్‌లో అదే పోటీలో 221.7 పాయింట్లతో కాంస్యం పట్టుకొచ్చింది. అంతకుముందు 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమెతో కలిసి 25 మీటర్ల టీమ్ బంగారం కొట్టిన ఈషా సింగ్ మన హైదరాబాద్ అమ్మాయే. ఆ కథ విడిగా చెప్పుకోవాలి.