కెమెరాకు ఇంటి వైద్యం

కంటికి కనిపించిన దృశ్యాన్ని నిలిపి ఉంచే సాధనం కెమెరా. పూర్వం కెమెరాలో దృశ్యం ఫిల్ము మీద పడేది. డిజిటల్ కెమెరాలో ఫిల్ము ఉండదు. దాని స్థానంలో వెలుగును విద్యుత్ సంకేతాలుగా మార్చే చిన్న పలక ఉంటుంది. దాన్ని సెన్సర్ అంటారు. ఆ సంకేతాలు అంకెల రూపంలో మెమొరీ కార్డులో నిలుస్తాయి. 1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. దాని బరువు 3.6 కిలోలు. ఒక్క ఫొటోను టేపు మీద నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. క్రమంగా ఈ కెమెరాలు అరచేతిలో ఇమిడేటంత చిన్నవయ్యాయి.

సెల్‌ఫోన్లతోనే ఫొటోలు తీసుకోవడం అలవాటయ్యాక చాలా ఇళ్ళలో కెమెరాలు బీరువాల్లోకి చేరాయి. ఏళ్ళ తరువాత తీసి చూస్తే అవి పనిచేయకపోవచ్చు. పాడైందని పారవేస్తే, కార్డులో ఉన్న తాతయ్య ఫొటో, అక్క పెళ్ళి ఫొటోలు కూడా దానితోపాటు పోతాయి. కాబట్టి ముందుగా కార్డును బయటకు తీసి, ఫొటోలను కంప్యూటర్‌లో భద్రపరచాలి. పొరపాటున వాటిని ఎవరైనా చెరిపివేసినా నిరాశ పడనక్కరలేదు. పుస్తకంలో విషయసూచికను చింపినంత మాత్రాన పాఠాలు పోవు కదా! కార్డులోనూ సాధారణంగా అంతే. కొత్త ఫొటోలు ఆ చోటును ఆక్రమించేవరకు పాతవాటి సమాచారం అందులోనే ఉంటుంది. ఆ కార్డును వాడకుండా పక్కన పెడితే, తగిన ప్రోగ్రాం సాయంతో వాటిని తిరిగి రాబట్టే అవకాశం ఉంది.

ఇక కెమెరా సంగతి. వైద్యుడు నాడి చూసిన తరువాతే మందు ఇస్తాడు. మనమూ ముందు లక్షణాలను గమనించాలి. పరీక్షను వెలుపలి భాగాలతో మొదలుపెట్టాలి.

కెమెరా అసలు వెలగకపోతే మొదట బ్యాటరీని చూడాలి. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలను ఎక్కువ కాలం లోపలే ఉంచితే వాటినుంచి క్షారం కారి, లోహపు రేకుల మీద తెల్లని పొడి పేరుకుంటుంది. పొడి చేతికి అంటకుండా తొడుగులు వేసుకుని, దూదిపుల్లను కొద్దిగా వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి రేకులను తుడవాలి. ఆమ్లం క్షారాన్ని విరుస్తుంది. తరువాత తడిపి పిండిన దూదితో తుడిచి, బాగా ఆరనివ్వాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని మాత్రం చార్జి చేయకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. దాన్ని పాత ఎలక్ట్రానిక్ వస్తువులు సేకరించే చోట అప్పగించాలి.

కెమెరా వెలుగుతున్నా ఫొటో నమోదు కాకపోతే, కార్డు పక్కనున్న చిన్న మీటను చూడాలి. అది 'లాక్' వైపు జరిగి ఉంటే కార్డు కొత్త ఫొటోలను స్వీకరించదు.

ఫొటోలు మసకగా వస్తే లెన్సు మీద దుమ్ము ఉన్నదేమో చూడాలి. చొక్కా అంచుతో రుద్దితే ఇసుకరేణువు అద్దాన్ని గీస్తుంది. మొదట రబ్బరు బుడ్డితో గాలి ఊది, ఆ తరువాతే మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. లెన్సు బయటికి రాకుండా ఇరుక్కుంటే బలవంతంగా లాగకూడదు. దాని చుట్టూ ఉన్న సందులో గాలి ఊది, నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ వేసి చూడాలి.

కెమెరా నీటిలో పడితే, పనిచేస్తున్నదో లేదో చూడాలని మీట నొక్కకూడదు. తడి భాగాల్లో విద్యుత్తు ప్రవహిస్తే లోపలి వలయాలు దెబ్బతింటాయి. వెంటనే బ్యాటరీ, కార్డు తీసివేసి, మూతలు తెరిచి, నీడలో గాలి తగిలేచోట కొన్ని రోజులు ఆరబెట్టాలి. పొయ్యి దగ్గర, మండుటెండలో పెట్టకూడదు. బియ్యంలో పాతిపెడితే ఆ పొడి సందుల్లో చేరుతుంది. సిలికా జెల్ పొట్లాలు మేలు. సముద్రపు నీరైతే లోపల మిగిలిన ఉప్పు లోహాన్ని తినివేస్తుంది. అప్పుడు ఆలస్యం చేయక మరమ్మతు తెలిసినవారి దగ్గరకు తీసుకుపోవాలి.

ఇంటి వైద్యం ఇంతవరకే. మర విప్పి లోపల చేయి పెట్టకూడదు. ఫ్లాష్ వెలగడానికి కెమెరాలో కెపాసిటర్ అనే భాగం ఉంటుంది. అది సుమారు 300 వోల్టుల వరకు విద్యుత్తును నిలవచేసుకుంటుంది. బ్యాటరీ తీసివేసినా ఆ విద్యుత్తు వెంటనే పోదు. తాకితే గట్టి దెబ్బ తగులుతుంది. ఆ పని నేర్చినవారికే వదలాలి.

జబ్బు వచ్చాక మందు వెతకడం కంటే రాకుండా చూసుకోవడం మంచిది. యానాం, చెన్నై వంటి సముద్రతీర ప్రాంతాల గాలిలో తేమ ఎక్కువ. తేమకు లెన్సు మీద బూజు పడుతుంది. కెమెరాను చాలాకాలం వాడనప్పుడు బ్యాటరీ తీసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచాలి. అలా దాచిన కెమెరా మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ కూడా పనికివస్తుంది.