కారు కారుతున్నదా? – కూలెంట్ లీకుల నిర్ధారణ, ఇంటి మరమ్మతు

అమెరికాలో కాపురమున్న తెలుగు కుటుంబానికి కారు విలాసవస్తువు కాదు. కాలూ చేయీ వంటిది. ఉద్యోగం, పిల్లల బడి, గుడి, సరుకుల దుకాణం, వారాంతంలో మిత్రుల ఇల్లు – అన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. అటువంటి వాహనం రహదారిపై ఆవిరి కక్కుతూ ఆగిపోతే కలిగే అవస్థ చెప్పనవసరం లేదు. గడ్డకట్టే చలిలో, ఊరికి దూరంగా, వెనుక సీట్లో పసిపిల్లలతో ఆగిపోతే అది అవస్థ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఇంతటి అనర్థానికి చాలాసార్లు మూలం ఒక రబ్బరు గొట్టమో, దానిని బిగించిన ఒక చిన్న పట్టీయో అయి ఉంటుంది. దానిని ముందుగా కనిపెట్టడం ఇంటివద్ద మనమే చేసుకోగల పని.

ఈ విషయంలో అన్నిటికంటె ముందు గ్రహించవలసిన సూత్రం ఒకటున్నది. పెట్రోలు ఖర్చవుతుంది, ఇంజన్ ఆయిల్ కొద్దికొద్దిగా తరగవచ్చు, కూలెంట్ మాత్రం ఖర్చయ్యే పదార్థం కాదు. అది మూసి ఉన్న వ్యవస్థలో తిరుగుతూ ఉండే ద్రవం. దాని మట్టం మాటిమాటికీ తగ్గుతున్నదంటే ఎక్కడో ఒకచోట దారి చేసుకొని పోతున్నదని అర్థం. ఆ దారి వెదకకుండా పైనుంచి పోస్తూ ఉండడం చిల్లుకుండకు నీళ్ళు మోయడమే.

కుక్కర్ వంటి ఏర్పాటు

ఇంజన్‌లో మండిన ఇంధనం ఇచ్చే శక్తిలో, స్థూలంగా చెప్పాలంటే, మూడోవంతు బండిని నడిపే పనికి వస్తుంది. మరొక మూడోవంతు పొగతోపాటు బయటికి పోతుంది. మిగిలిన వేడిమిలో అధికభాగాన్ని కూలెంట్ మోసుకొనిపోవాలి. వాటర్ పంప్ ఈ ద్రవాన్ని ఇంజన్ లోపలి మార్గాలగుండా తోస్తుంది. సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద థర్మోస్టాట్ అనే ద్వారం తెరుచుకొని, వేడెక్కిన ద్రవాన్ని రేడియేటర్‌లోకి వదులుతుంది. అక్కడ గాలి తగిలి చల్లబడిన ద్రవం మళ్ళీ ఇంజన్‌లోకి వెళుతుంది.

ఈ వ్యవస్థను మన గృహిణులకు చిరపరిచితమైన ప్రెషర్ కుక్కర్‌తో పోల్చవచ్చు. వంటింటి కుక్కర్‌లో వెయిట్ లేచే పీడనం, అనేక కార్లలో రేడియేటర్ మూత నిలిపే పీడనం దాదాపు సమానం. చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్లు. ఆ పీడనంలో నీరు 100 డిగ్రీలకు బదులు 121 డిగ్రీల వద్ద, సగం నీరు సగం ఆంటీఫ్రీజ్ ఉన్న మిశ్రమం సుమారు 129 డిగ్రీల వద్ద మరుగుతాయి. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో వేడి రేడియేటర్ మూత తీసినా అదే జరుగుతుంది. పీడనం తగ్గిన మరుక్షణంలో ద్రవం భగ్గున మరిగి ముఖంమీదికి చిమ్ముతుంది. కనుక ఇంజన్ పూర్తిగా చల్లారనిదే మూతను తాకరాదు. ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.

నీరు మాత్రమే ఎందుకు చాలదు?

రెంటచింతల, రామగుండం ఎండలలో పెరిగినవారికి తెలిసినది వేడిమి ఒక్కటే. లారీ డ్రైవర్లు బిందెతో రేడియేటర్‌లో నీళ్ళు పోయడం మనమందరం చూసినదే. మిషిగన్, మినసోటా చలికాలంలో ఆ అలవాటు పనికిరాదు. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇనుప ఇంజన్ సైతం పగులుతుంది. 1856లో ఫ్రెంచి శాస్త్రవేత్త వుర్ట్జ్ తొలిసారిగా తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాల్ ఈ చిక్కును తీర్చింది. దానిని నీటితో సమపాళ్ళలో కలిపితే మిశ్రమం మైనస్ 37 డిగ్రీల సెంటిగ్రేడ్ వరకు గడ్డకట్టదు. పైగా కూలెంట్‌లో కలిపే రసాయనాలు లోహానికి తుప్పు పట్టకుండా కాపాడతాయి. అందుచేత ఎండదేశాలలో కూడా వట్టి నీరు మంచిది కాదు.

అలాగని చిక్కగా ఉంటే మేలని తలచరాదు. నీరు కలపని ఇథిలీన్ గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది. వేడిని మోయగల శక్తి కూడా నీటికంటె దానికి చాలా తక్కువ. మందు మోతాదులో ఉన్నప్పుడే గుణం.

రంగు, వాసన, స్థానం

లీకు నిర్ధారణకు తొలి సాధనం ఒక వెడల్పైన అట్టముక్క. రాత్రి దానిని ఇంజన్ క్రింద పరచి, ముందుచక్రాల స్థానాన్ని దానిపై గుర్తుపెట్టి, తెల్లవారి పరిశీలించాలి. రంగూ వాసనా లేని శుభ్రమైన నీరయితే అది ఎయిర్ కండిషనర్ నుంచి కారినది, వేసవిలో సహజం. నలుపు లేక గోధుమరంగులో జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చ, నారింజ, గులాబీ, నీలం రంగులలో ఏదో ఒకటిగా, వ్రేళ్ళకు కొంచెం జారుడుగా, తియ్యని వాసనతో ఉంటే కూలెంట్. ట్రాన్స్‌మిషన్ ద్రవం కూడా ఎర్రగా ఉండవచ్చును గాని దానికి నూనె జిడ్డుంటుంది. ఏ ద్రవాన్నయినా రుచి చూడరాదు. కారణం ముందు వివరిస్తాను.

చుక్క పడిన చోటును బట్టి మూలాన్ని ఊహించవచ్చు. బండి ముందుభాగాన పడితే రేడియేటర్‌నూ దాని గొట్టాలనూ, ఇంజన్‌కు బెల్టులున్న ప్రక్కన పడితే వాటర్ పంప్‌నూ అనుమానించాలి. పంప్ అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు ద్రవం దానిగుండా బయటపడుతుంది. నేలమీద చుక్కలేదు గాని లోపల తివాచీ తడిసి, అద్దాలకు జిగట మంచు పట్టి, తియ్యని వాసన వస్తుంటే హీటర్ కోర్ కారుతున్నదన్నమాట.

పరీక్షించే క్రమం

చల్లారిన ఇంజన్‌ను పగటి వెలుగులోనే అయినా టార్చిలైటుతో చూడాలి. కారిన ద్రవం ఆరిపోయి తెల్లగానో పచ్చగానో పొలుసు కడుతుంది. ఆ మరక పైకంటా ఎక్కడ మొదలైనదో అక్కడే మూలం ఉంటుంది. గాలికీ వాలుకీ ద్రవం ప్రయాణిస్తుంది కాబట్టి చుక్క పడిన చోటు, కారిన చోటు ఒకటి కాకపోవచ్చు. గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చూడాలి. గట్టిపడి పెళుసెక్కినా, మరీ మెత్తబడినా, పట్టీల దగ్గర ఉబ్బినా, పగుళ్ళు కనిపించినా మార్చవలసిందే. నేటి రేడియేటర్లలో చాలావాటికి మధ్యభాగం అల్యూమినియం, రెండు ప్రక్కల తొట్లు ప్లాస్టిక్. ఈ రెండూ కలిసే అతుకు దగ్గర పగుళ్ళు సాధారణం.

కంటికి చిక్కని లీకుకు ప్రెషర్ టెస్టర్ ఉపయోగపడుతుంది. విడిభాగాల దుకాణాలు కొన్ని దీనిని డిపాజిట్ తీసుకొని అరువిస్తాయి. చల్లని ఇంజన్‌పై మూత స్థానంలో దీనిని బిగించి, ఆ మూతపై ముద్రించిన పీడనం వరకు చేతితో పంపు కొట్టాలి, అంతకు మించరాదు. పది పదిహేను నిమిషాలలో ముల్లు దిగిపోతే లీకున్నట్లే. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగితే దోషం లోపలిది. మూతను సైతం ఇదే పరికరంతో పరీక్షించవచ్చు. మూత రబ్బరు పాడై ఆవిరి పోతున్న సందర్భాలలో కొత్త మూతతోనే వ్యాధి నయమవుతుంది.

గొట్టం మార్చే విధానం

ఇంట్లో నిశ్చింతగా చేయదగిన పనులు మూడు: మూత మార్చడం, పట్టీ బిగించడం, సులభంగా చేతికందే గొట్టం మార్చడం. బండిని సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. క్రిందికి దూరవలసి వస్తే జాకీ ఒక్కదానినే నమ్మక స్టాండ్లు పెట్టి తీరాలి. కొన్ని వాహనాలలో ఇంజన్ ఆపిన తరువాత కూడా విద్యుత్ పంకా దానంతట అదే తిరుగుతుంది కనుక చేయి దూరంగా ఉంచాలి.

రేడియేటర్ అడుగునున్న కుళాయి విప్పి ద్రవాన్ని వెడల్పైన పళ్ళెంలోకి పట్టాలి. పట్టీని వదులుచేసి గొట్టాన్ని మెలితిప్పుతూ లాగాలి. అంటుకుపోయి ఉంటే కత్తితో నిలువుగా గంటుపెట్టి ఒలవాలి గాని స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించరాదు; ప్లాస్టిక్ మెడ విరిగితే రేడియేటర్ మొత్తం మార్చవలసి వస్తుంది. మెడను శుభ్రంగా తుడిచి, పట్టీని ముందుగా కొత్త గొట్టానికి తొడిగి, గొట్టాన్ని చివరనున్న ఉబ్బెత్తు అంచు దాటేవరకు నెట్టాలి. పట్టీ ఆ అంచుకు లోపలివైపున ఉండాలి.

కొత్త కూలెంట్ ఎంపికకు రంగు ప్రమాణం కాదు. వాహనంతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. రకాలు కలిపితే తుప్పునుండి రక్షణ తగ్గుతుంది. కలపవలసిన నీరు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. పోసిన తరువాత ఆ పుస్తకంలో చెప్పిన పద్ధతిలో, హీటర్‌ను పూర్తిగా తెరిచి, ఇంజన్ నడిపి, లోపల చిక్కిన గాలిని పోగొట్టాలి. మళ్ళీ చల్లారిన పిమ్మట మట్టం సరిచూసి, రెండు మూడు రోజులపాటు అట్టముక్కను పరచి పరిశీలించాలి.

నిపుణులకు విడువవలసినవి

పొగగొట్టం నుంచి ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తియ్యని వాసనతో దట్టమైన తెల్లపొగ రావడం, ఆయిల్ పోసే మూత క్రింద పాలమీగడ వంటి పదార్థం చేరడం, రేడియేటర్‌లో ఆగని బుడగలు – ఇవి హెడ్ గాస్కెట్ చెడిన సూచనలు. చలిలో చిన్న దూరాలు తిరిగే బండిలో కొద్దిపాటి మీగడ తేమవల్ల కూడా చేరవచ్చు గనుక ఏ ఒక్క లక్షణాన్నో చూసి తీర్పు చెప్పరాదు. కాని కూలెంట్ కూడా తగ్గుతుంటే బండి నడపడం మాని మెకానిక్‌కు చూపించాలి. హీటర్ కోర్, అనేక కార్లలో వాటర్ పంప్ కూడా ఈ కోవలోనివే. విద్యుత్ కార్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవం జోలికి ఇంట్లో పోరాదు. అక్కడ అధిక వోల్టేజి ఉంటుంది.

రంధ్రాలు పూడుస్తాయని అమ్మే పొడులూ ద్రవాలూ ఊరు చేరడానికి పనికివస్తే రావచ్చు. అవి హీటర్ కోర్ సన్నని మార్గాలను సైతం పూడ్చగలవు గనుక మరమ్మతుగా వాటిని భావించరాదు. దారిలో ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే ఎయిర్ కండిషనర్ ఆపి, హీటర్‌ను పూర్తిగా తిప్పి, సురక్షితమైన చోట బండిని ప్రక్కకు తీసి ఇంజన్ ఆపాలి. కాలిన ఇంజన్‌పై చన్నీళ్ళు పోయరాదు; లోహం పగులుతుంది.

తియ్యని విషం

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. ప్రమాదమంతా అందులోనే ఉన్నది. పిల్లలూ పెంపుడు జంతువులూ దానికి ఆకర్షితులవుతారు. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2012లో అమెరికా తయారీదారులు చిల్లరగా అమ్మే ఆంటీఫ్రీజ్‌లో చేదు పదార్థం కలపడానికి అన్ని రాష్ట్రాలకూ వర్తించేలా స్వచ్ఛందంగా అంగీకరించారు. అయినా చేదును నమ్ముకొని పళ్ళేన్ని నేలపై వదిలివేయరాదు. ఒలికినదానిని వెంటనే తుడిచి, నీటితో కడగాలి. మిగిలినదానిని శీతల పానీయపు సీసాలో ఎన్నడూ పోయరాదు. పాత ద్రవాన్ని వాననీటి కాలువలో పోయక, మూతగల డబ్బాలో స్థానిక సేకరణ కేంద్రానికి అప్పగించాలి. ఎవరైనా త్రాగినట్లు అనుమానం కలిగితే లక్షణాల కోసం వేచి ఉండక, అమెరికాలో 1-800-222-1222 సంఖ్యకు, స్పృహ తప్పితే 911కు ఫోన్ చేయాలి. విరుగుడు మందులున్నాయి, అవి త్వరగా అందినప్పుడే మూత్రపిండాలను కాపాడగలవు.

నెలకొకసారి, చల్లారిన ఇంజన్‌పై, కూలెంట్ తొట్టి మీది రెండు గీతల మధ్య మట్టం ఎక్కడున్నదో చూసి, తేదీతో సహా ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకోవాలి. రెండు నిమిషాల పని ఇది. దూరప్రయాణానికి బయలుదేరే ముందు మరొకసారి చూసుకుంటే మరీ మంచిది. మట్టం దిగుతున్నట్లు ఆ పుస్తకం చెప్పిన రోజున కూలెంట్ సీసాకంటె ముందు అట్టముక్కను చేతబట్టాలి.