కెయిర్న్స్ కొండల్లో ఒంటరిగా, వ్యానులో

ఆస్ట్రేలియా అనగానే మనకు ఎర్రమట్టి ఎడారి గుర్తొస్తుంది. ఆ దేశపు ఈశాన్య కొసన, క్వీన్స్‌లాండ్‌లోని కెయిర్న్స్ ఊరి వెనకున్న కొండలను చూస్తే ఆ ఊహ చెరిగిపోతుంది. సముద్రం మీంచి వచ్చే తేమగాలి ఆ కొండలకు తగిలి వాన కుమ్మరించేస్తుంది. బెలెండెన్ కెర్ శిఖరం మీద ఏటా సగటున 8,000 మిల్లీమీటర్ల వాన. 2000లో 12,000 దాటింది. మన కోస్తాలో పడేది వెయ్యి అటూఇటూ.

మంచం, పొయ్యి ఉన్న అద్దె వ్యాను తీసుకుని మే నుంచి అక్టోబరు మధ్య బయల్దేరాలి. అక్కడా బండ్లు ఎడమవైపే నడుస్తాయి కాబట్టి మనకు కొత్త ఉండదు. కొండెక్కే గిల్లీస్ రేంజి రోడ్డు మాత్రం చేతులకు పని చెబుతుంది: 19 కిలోమీటర్లలో 263 మలుపులు! ఈ దారిన ఒక్కరే వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం. కొండపైని యుంగబుర్రా ఊరి వాగులో సాయంత్రం ప్లాటిపస్ పైకి తేలుతుంది. చిన్న అలికిడికే మళ్లీ మునిగిపోతుంది. పక్కన మాట్లాడే మనిషి లేకపోవడమే అక్కడ మన అదృష్టం.

పైకెక్కాక ఆథర్టన్ పీఠభూమి. అగ్నిపర్వతాలు పొంగి చల్లారిన నేల. ఈచమ్, బారీన్ సరస్సులు ఆనాటి పేలుళ్ల గుంతల్లో నిలిచిన నీళ్లే. కర్టెన్ ఫిగ్ అనే మర్రిజాతి చెట్టు తనకు ఆధారమైన చెట్టును చుట్టి చంపింది. ఆ ఆధారపు చెట్టు పక్కదాని మీదికి ఒరిగాక, వాలు పొడవునా ఊడలు పదిహేను మీటర్ల తెరలా నేలకు దిగాయి.

మిల్లా మిల్లా, జిల్లీ, ఎలిన్‌జా జలపాతాలు ఒకే చుట్టుదారిలో ఉన్నాయి. వాటి మధ్య పచ్చిక బయళ్లు, పాడి ఆవులు చూసి నాకు గుండె కలుక్కుమంది. ఒకప్పుడు అదంతా అడవే. పాడి కోసం నరికేయగా మిగిలిన తునకల్లోనే ఈ నీళ్లు దూకుతున్నాయి.

మిల్లా మిల్లా అందగత్తె. నల్లరాతి అంచు మీంచి తిన్నగా మడుగులోకి జారే నీరు, ఒడ్డున గడ్డి. ఎంత సాధువుగా కనిపిస్తుందో! 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఇద్దరు యువకులు ఇక్కడే మునిగి చనిపోయారు. పిల్లల్ని ఆ దేశం పంపిన ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి. ధార పడేచోట నీటిలో గాలి కలిసిపోయి ఉంటుంది, ఆ నురగ మనిషిని మోయదు. కొండ దిగాక జోసెఫీన్ జలపాతం దగ్గర మరో ప్రమాదం. కింద ఎండ కాస్తుండగానే పైన బార్టిల్ ఫ్రెర్ శిఖరం మీద కురిసిన వాన చూస్తుండగానే ముంచుకొస్తుంది. మూసేసిన మడుగుల దగ్గర బోర్డులు ఉంటాయి. ఒంటరిగా వెళ్లినవాళ్లు మోకాలి లోతు దాటకుండా ఉంటేనే మంచిదంటాను.

ఉత్తరాన డెయిన్‌ట్రీ నది. వ్యానును ఇనుప తాళ్ల మీద నడిచే బల్లకట్టు అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. నదిలో మొసళ్లు ఉంటాయి కాబట్టి దిగే మాటే లేదు. అవతల ఫోన్ సిగ్నల్ నమ్ముకోకూడదు. ఎక్కడికి వెళ్తున్నామో ఇంటికి ముందే చెప్పాలి. నది అవతలి అడవి మొక్కల వంశాల్లో కొన్ని డైనోసార్ల కాలం నాటివి. 1971లో ఇక్కడ పశువులు వింతగా చనిపోతే, వాటి కడుపులో దొరికిన గింజలను బట్టి అంతరించిందనుకున్న ఒక పురాతన వృక్షం మళ్లీ వెలుగులోకి వచ్చింది. నీలి మెడ కాసొవారీ పక్షి పెద్ద పెద్ద అడవి పళ్లను గుటుక్కున మింగి, వాటి గింజలను దూరంగా విత్తుతుంది. అది రోడ్డు దాటే చోట వేగం తగ్గించమని రాసి ఉంటుంది, తగ్గించి తీరాలి.

కేప్ ట్రిబ్యులేషన్ దాటగానే తారు ఆగిపోతుంది, అద్దె వ్యాను వెనక్కి తిప్పాల్సిందే. ముందున్న మట్టిదారి కోసం 1983లో బుల్‌డోజర్లు వస్తే జనం అడ్డంగా నిలబడ్డారు. దారి ఆగలేదు. కానీ ఆ గొడవతో దేశం చూపు ఈ అడవి మీద పడింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ప్రభుత్వం వద్దన్నా 1988లో ఈ తడి అడవులు ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. 2021 సెప్టెంబరులో డెయిన్‌ట్రీతో సహా కొన్ని జాతీయ ఉద్యానవనాలున్న 1,60,000 హెక్టార్లకు పైగా భూమిని అసలు హక్కుదారులైన తూర్పు కుకు యలంజి ప్రజలకు తిరిగి అప్పగించారు. ఇప్పుడు ఆ ఉద్యానవనాల నిర్వహణలో ప్రభుత్వంతో పాటు వాళ్లదీ బాధ్యత.