చేసేవాణ్ని అడిగారా?

సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో నా ఎదుట కూర్చున్న పెద్దాయన రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఖాళీ స్టీలు గ్లాసును చెంచాతో ఒక్కటి కొట్టారు. ఖంగుమంది. అంచుకు వేలు ఆనించి మళ్లీ కొట్టారు. మోత చచ్చిపోయింది.

“చక్రం గూడ గంతే బిడ్డా. మంచిగుంటే గంట లెక్క మోగుతది. యాడన్న పగులు వచ్చిందనుకో, గొంతు బొంగురు పోతది. గది కాయితంల దొరకదు, చెవికే దొరుకుతది.”

పగుళ్లు పట్టడానికి ఇప్పుడు అల్ట్రాసోనిక్ యంత్రాలు వచ్చాయి. అయినా ఆ చెవికి విలువ తగ్గలేదు. ఏ సంస్థలోనైనా సరుకు నాణ్యంగా వస్తోందా, పని చురుగ్గా సాగుతోందా అని తెలుసుకోవాలంటే నేను ముందు చూసేది ఒక్కటే: కింద ఆ చెవికి వినిపించింది పైఅధికారి బల్ల దాకా చేరుతోందా?

ఇక్కడికి కూతవేటు దూరంలోనే లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపు ఉంది. నిజాం రైల్వే 1893లో పెట్టింది. గడువు తీరిన రైలు పెట్టెలు పీఓహెచ్‌కు, అంటే పూర్తి మరమ్మతుకు, ఇక్కడికి వస్తాయి. పెట్టెను బోగీల, అంటే చక్రాల చట్రాల, మీంచి లేపుతారు. చక్రాలు, బేరింగులు, బ్రేకులు విడదీసి చూసి, సరిచేసి, మళ్లీ కూర్చి పంపుతారు. ఒక్క పెట్టె మీద ఎన్నో చేతులు పడతాయి. రైల్వే వర్క్‌షాపుల్లో ఏళ్ల తరబడి నడిచింది చిత్తరంజన్ పద్ధతి ఇన్సెంటివ్. రేట్ ఫిక్సరు ప్రతి పనికీ ఇంత టైమని కడతాడు. ఆ టైములో ఎంత మిగిల్చితే అంత బోనసు. మామూలు నైపుణ్యమున్న కార్మికుడికి మూడో వంతు అదనంగా దక్కేలా లెక్క వేస్తారు, 50 శాతం దాటనివ్వరు. ఆ హద్దు మంచిదే అనిపిస్తుంది నాకు. గడియారంతో పందెం వేసే చెయ్యి ఎక్కడో ఒకచోట నట్టును ఒక చుట్టు తక్కువే బిగిస్తుంది.

బోనసులతో కాక జరిమానాలతో నడిచే చోటు ఎలా ఉంటుందో నేనే చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక చిన్న ప్రెస్సులో పనిచేశాను. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి రంగు పేజీల్లో రిజిస్టర్ తప్పుతోంది. ఎరుపు మీద నీలం కూర్చోదు, బొమ్మల్లో మనుషులకు రెండేసి పెదాలు. చెడిన రీములకు మెషిన్‌మెన్ జీతాల్లో కోత పెట్టారు. మూడు నెలలు గడిచాయి. జీతాలు తగ్గాయి, వేస్టేజీ తగ్గలేదు. చివరికి ఒక మెషిన్‌మన్ నన్ను గోడౌన్‌కు తీసుకెళ్లి, గోడకు ఆనించిన కాగితం దొంతర మీద చెయ్యి వేయించాడు. చల్లగా, మెత్తగా తగిలింది. గోడ చెమ్మంతా కాగితమే తాగుతోంది. చెమ్మెక్కిన కాగితం సాగుతుంది, సాగిన కాగితం మీద రంగు పక్కకు జరుగుతుంది. “మొదటి వారమే తెలుసు సార్. చెబితే సాకులంటారని ఊరుకున్నా” అన్నాడు. దొంతరను గోడ నుంచి జరిపి, కింద చెక్క పలకలు వేస్తే సరిపోయింది.

తప్పు మనిషిదా, గోడ చెమ్మదా అని లెక్కతో తేల్చే విద్య కూడా ఉంది. సీతాఫల్‌మండి నుంచి తార్నాక మీదుగా హబ్సిగూడకు వెళ్తే, స్ట్రీట్ నంబర్ 8లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ హైదరాబాద్ కేంద్రం ఉంటుంది. మన దేశంలో గణాంకాలతో నాణ్యతను పట్టిచూసే విద్య ఈ సంస్థతోనే వేళ్లూనుకుంది. పనిలో హెచ్చుతగ్గుల్ని గీసి చూపే కంట్రోల్ చార్ట్ కనిపెట్టిన వాల్టర్ షూహార్ట్‌ను సంస్థ స్థాపకుడు మహలనోబిస్ 1947లో పిలిపించారు. గూడూరు, నూజివీడు బళ్లలో చదివి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి ఆ సంస్థకు వెళ్లిన సి.ఆర్. రావు అల్లిన ఆర్థోగోనల్ ఎరేలను, అంటే ప్రయోగాలను అమర్చే పట్టికలను, 1950లలో అక్కడికి వచ్చిన జపాన్ నిపుణుడు గెనిచి టగుచి జపాన్ ఫ్యాక్టరీలకు పట్టుకెళ్లారు. తెలుగు బిడ్డ లెక్క జపాన్ నాణ్యతకు ఒక పునాది రాయి అయిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కంట్రోల్ చార్ట్ నేర్పే పాఠం చాలా మానవీయమైనది. ప్రతి పనిలోనూ ఎంతో కొంత హెచ్చుతగ్గులుంటాయి. వాటిలో ఎక్కువ భాగం వ్యవస్థవే, మనిషివి కావు. ఆర్టీసీ డ్రైవర్ల కేఎంపీఎల్ చూడండి. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లన్న ఈ లెక్కలో మన ఆర్టీసీకి దేశంలోనే పేరుంది. బ్రేకు మీద కాలు తేలిగ్గా వేసే డ్రైవరు డీజిల్ మిగులుస్తాడు, నిజమే. కానీ ఇంజెక్టరు, టైర్లలో గాలి, రూట్లో ట్రాఫిక్, రాత్రి డ్యూటీ దిగి ఎంతసేపు పడుకున్నాడన్నది కూడా ఆ అంకెలోనే ఉంటాయి. తార్నాకలో ఆర్టీసీకి సొంత ఆసుపత్రి ఉంది. డ్రైవరు నడుం నొప్పిని కూడా మేనేజ్‌మెంటు లెక్కలోకే తీసుకోవాలంటాను.

చేసేవాణ్నే అడగాలన్న ఆలోచనకు మన దేశంలో ఒక రూపం ఇచ్చింది కూడా మన ఊరే. చెకొస్లొవేకియా సాయంతో కట్టిన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో 1980లో అక్కడి అధికారి ఎస్.ఆర్. ఉడ్పా చొరవతో దేశంలోనే మొదటి క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. 1962లో జపాన్‌లో కవోరు ఇషికావా మార్గదర్శకత్వంలో పుట్టిన పద్ధతి అది. ఒకే సెక్షన్లో పనిచేసే కొద్దిమంది తమంతట తాము కూడి, వారానికో గంట కూర్చుంటారు. సమస్యను వాళ్లే ఎంచుకుంటారు. చేపముల్లు బొమ్మ గీసి ఒక్కో ముల్లుకు ఒక్కో కారణం రాస్తారు. అసలు కారణం పట్టుకుని, పరిష్కారాన్ని అధికారుల ముందు వాళ్లే నిలబడి చెబుతారు. రెండేళ్లకే క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ఏర్పడి, ఈ పద్ధతి దేశమంతా పాకింది. ఎన్నో చోట్ల అది పోటీలకూ, షీల్డులకూ, గోడ మీద ఫొటోలకూ కుదించుకుపోయింది. కార్మికులు చెప్పింది విని, “చూద్దాం” అని ఫైలు మూసేసిన చోట సర్కిల్ రెండో ఏడాది బతకదు.

ఇలాంటి అలవాట్ల విలువను అంకెల్లో పట్టిన పరిశోధన కూడా ఉంది. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం ముంబయి పరిసరాల్లోని బట్టల మిల్లుల్లో చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. కొత్త మగ్గాలేవీ పెట్టలేదు. నేత లోపాలను రోజూ రాసుకున్నారు, మగ్గాలు చెడిపోకముందే చూసుకున్నారు, విడిభాగాలను పేర్లు రాసి అరల్లో సర్దారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఎనిమిదేళ్లు దాటాక వెళ్లి చూస్తే ఆ పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. మేనేజర్లు మారిపోవడం, యజమానులకు తీరిక లేకపోవడం ముఖ్య కారణాలు. మగ్గం తుప్పు పడితే కంటికి కనబడుతుంది, అలవాటు తుప్పు పడితే కనబడదు.

చాయ్ చల్లారింది. సర్వీసులో మిమ్మల్ని ఎవరైనా అడిగారా అని పెద్దాయన్ని అడిగాను. చాలాసేపు ఆలోచించారు.

“ఒక్క సారు అడిగిండు. పెట్టె కిందికి నాతోని దూరిండు, బట్టలు ఖరాబైనయి. ఏం గావాలె నీకు అన్నడు. నెత్తి మీద ఎన్ని లైట్లుంటే ఏంది సార్, కింద చీకటే, బోల్టు చేత్తోని తడుముతున్న అన్న. వారంల లైటొచ్చింది. వైరు పొడుగ్గ ఉండె, యాడికంటె ఆడికి గుంజుకపోవచ్చు.”

ఆ వైరు ఎంత పొడుగో రెండు చేతులూ చాచి చూపించారు. పక్క బల్ల మీది గ్లాసు కింద పడబోతే పట్టుకున్నాను.